కొండపల్లి బొమ్మల వీధిలో

మా ఊరి పేరు చెప్పగానే కొత్తవారు ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. "సంతబొమ్మాళా? అయితే మీ ఊళ్ళో బొమ్మలు చేస్తారేమిటండీ?" అని. చెయ్యము. మావైపు నౌపడాలో ఉప్పు పండిస్తారు. ఉద్దానంలో కొబ్బరికాయలు దింపుతారు, జీడిపిక్కలు ఏరుతారు. పలాసలో ఆ పిక్కలు కొట్టి పప్పు తీసి దేశమంతటికీ పంపుతారు. ఇన్ని పనులు తెలిసిన మాకు బొమ్మ చెయ్యడం మాత్రం తెలియదు. సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్ళలో మెట్లమీద నిలబడే బొమ్మలన్నీ పొరుగూళ్ళనుంచి వచ్చినవే. వాటిలో పెద్దపీట కొండపల్లి బొమ్మలది.

అంబారీ ఏనుగు, ఎడ్లబండి, చల్ల చిలికే ఇల్లాలు, తాడిచెట్టు ఎక్కుతున్న గీతగాడు, వరుసగా నిలబడ్డ దశావతారాలు... వీటిని ఎరగని తెలుగువారు ఉండరు. కాని అవి పుట్టే ఊరు ఎట్లా ఉంటుందో చూచినవారు ఎందరు? పైన కొండమీద ఆరువందల ఏళ్ళు దాటిన కోట, కింద చెక్కతో ప్రాణులను సృష్టించే వీధి. ఆ రెండూ చూడాలని మేము ముగ్గురం బయలుదేరాము. ముగ్గురంటే నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ మా మనుమరాలు.

పలాసలో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి విజయవాడ. అక్కడినుంచి కొండపల్లి సుమారు ఇరవై కిలోమీటర్లు. హైదరాబాదు రోడ్డు పట్టుకొని ఇబ్రహీంపట్నం చేరేసరికి ముందుగా కనుపించేవి కోట బురుజులు కావు, నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. వాటిని దాటి లోపలికి తిరిగితే కొండల వరుస మొదలవుతుంది. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోది. ఊరు పెరిగి పురపాలక సంఘం అయింది. అయినా ఎవరిని అడిగినా, "కోటకా? బొమ్మలకా?" అని రెండే మాటలు. మేము కోటకే ముందు వెళ్ళాము. ఎండ ముదిరితే కొండ ఎక్కలేమని మా ఆవిడ తీర్పు.

చేతులు మారిన కోట

కొండమీదికి మెలికలు తిరుగుతూ రోడ్డున్నది. రెండువైపులా అడవి. ఈ కొండలు రక్షితారణ్యం. బొమ్మల చెక్క ఇచ్చే చెట్టు కూడా ఈ అడవిలోదే. ఆ సంగతి తరువాత చెబుతాను.

కోటలోకి పోవాలంటే ఒకదాని వెనుక ఒకటిగా మూడు ద్వారాలు దాటాలి. మొదటిదాన్ని దర్గా దర్వాజా అంటారు. పక్కనే ఒక దర్గా ఉన్నది. దాటి పైకి పోతే శిఖరం మీద తానీషా మహలు. ఇంకా రాణి మహలు, నర్తనశాల, గజశాల, నీళ్ళకు కోనేరు, విరూపాక్షుని గుడి. ఒకే కొండమీద దర్గా, గుడి, మహలు ఇట్లా ఎందుకు కూడినవో తెలియాలంటే ఆ కోట ఎన్ని చేతులు మారిందో తెలియాలి.

14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో ఈ కోట లేచింది. కొండడు అనే పశువుల కాపరి ఈ చోటు చూపించాడనీ, వాడి పేరనే కొండపల్లి అయిందనీ ఒక కథ చెబుతారు. 15వ శతాబ్దంలో ఇది కటకం ఏలిన గజపతులకు చిక్కింది. మావైపువారికి ఈ మాట వినగానే ఒక చనువు కలుగుతుంది. మా సముద్రతీరాన్ని కూడా ఏలినవారు ఆ గజపతులే. తరువాత శ్రీకృష్ణదేవరాయలు గజపతిమీదికి దండెత్తి, ఉదయగిరి, కొండవీడు తీసుకొని, దీన్నీ పట్టుకొన్నాడు. ఆ ఉత్తర దిగ్విజయంలోనే సింహాచలం చేరి, 1516లో అప్పన్నకు నగలు సమర్పించి శాసనం వేయించాడు. సింహాచలం వెళ్ళినప్పుడల్లా ఆ శాసనం మాట వింటూ ఉంటాము. దానికి మొదలు ఇక్కడ, ఈ రాళ్ళమధ్య ఉన్నది.

1531లో గోలకొండ కుతుబ్ షాహీలు, 1687లో గోలకొండతోపాటు మొగలాయీలు, 1766లో ఇంగ్లీషువారు. కుంఫిణీవారు మరుసటి ఏడే ఇక్కడ సైనికులకు శిక్షణ ఇచ్చే స్థావరం పెట్టి, ఖర్చు గిట్టదని 1859లో ఎత్తివేశారు. అంతటితో కోట కథ ముగిసింది.

"ఇంతమంది రాజులు ఏరి తాతా?" అని అడిగింది మా మనుమరాలు, బురుజు అంచున నిలబడి.

"పోయారమ్మా."

"మరి బొమ్మలు చేసేవాళ్ళు?"

కింద ఊరు కనుపిస్తున్నది. ఇంటి కప్పులు, రైలుకట్ట, దూరంగా విద్యుత్ కేంద్రం పొగ. "వాళ్ళున్నారు. పద, దిగుదాం" అన్నాను.

బొమ్మల కాలనీ

బొమ్మలవారు ఉండే వీధికి బొమ్మల కాలనీ అని పేరు. వీధి మొదట్లో అడుగు పెడుతూండగానే టకటకమని బాడిస చప్పుడు. ఇంటి ముందరి గది దుకాణం, వెనుక గది కార్ఖానా, అరుగు రంగులు ఆరే చోటు. ఒక అరుగుమీద పదిహేను ఏనుగులు ఎండకు నిలబడి ఉన్నవి. వాటికింకా కళ్ళు పెట్టలేదు. కళ్ళు లేని ఏనుగుల మందను చూచి మా మనుమరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకొన్నది.

ఆ ఇంటి యజమానికి అరవై దాటి ఉంటుంది. "రండి బాబుగారూ, లోపలికి రండి. ఎక్కడనుంచి?" అన్నాడు. సంతబొమ్మాళి అన్నాను. ఆయన నవ్వి, "పేరులోనే బొమ్మ పెట్టుకొన్నారే!" అన్నాడు. ఈ మాట తప్పదని నాకు తెలుసు.

ఈ పని చేసేవారు ఆర్యక్షత్రియులు. తమ పూర్వులు రాజస్థానంనుంచి వచ్చారనీ, పరమశివుడు ముక్తర్షి అనే మునికి ఈ విద్య ప్రసాదించాడనీ, తాము ఆ ముని సంతతివారమనీ వారి నమ్మకం. గుళ్ళలో వాహనాలు, రథాల చెక్కడాలు కూడా వీరు చేసేవారట. నమ్మకం ఎటువంటిదైనా, ఆ చేతివాటం మాత్రం కళ్ళెదుట కనుపిస్తున్నది. ఆయన మాతో మాట్లాడుతూనే ఒక దుంగ ముక్కను ఒడిలో పెట్టుకొని నాలుగు దెబ్బలు వేశాడు. ఎద్దు వీపు వచ్చింది.

చెక్క బొమ్మ అయ్యే విధం

చెక్క పేరు తెల్ల పొణికి. చేత్తో ఎత్తితే బెండులాగా తేలిక. గోటితో నొక్కితే గుర్తు పడుతుంది. ఆ మెత్తదనమే బొమ్మకు ఆయువుపట్టు. టేకు తెచ్చి ఇస్తే ఈ పని సాగదు. మన రాష్ట్రంలోనే ఏటికొప్పాక బొమ్మలున్నవి. వాటికి అంకుడు కర్ర వాడతారు, తరిణి పట్టి గుండ్రంగా తిప్పి లక్క రంగు పూస్తారు. అందుకే అవి నున్నగా, గుండ్రంగా ఉంటవి. కొండపల్లి బొమ్మకు తరిణి లేదు. చెయ్యే తరిణి. నిర్మల్‌లో కూడా పొణికి కర్రే వాడతారు గాని ఆ బాణీ వేరు.

కొట్టిన కర్రను ముందు ఎండబెట్టాలి. తరువాత రంపపు పొట్టు సెగమీద మెల్లగా కాచి లోపలి చెమ్మంతా పోగొట్టాలి. తొందరపడి ఈ పని సగంలో వదిలేస్తే ఆరు నెలలకు మన ఇంటి కొలువులో బొమ్మ పగుళ్ళిస్తుంది. ఆ తరువాత బాడిసతో రూపు దింపి, ఉలితో మలిచి, ఆకురాయితో నునుపు చేస్తారు.

ఏనుగు మొండెం ఒకచోట, తొండం ఒకచోట, చెవులు ఒక గంపలో, మావటివాడు ఇంకొక గంపలో ఉండటం చూచి, "తాతగారూ, తొండం విడిగా ఎందుకు చేశారు? ఒకటే కర్రలో రాదా?" అని అడిగింది మా పిల్ల.

ఆయనకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. ఒక పుల్ల తీసి, నార పొడుగునా వంచి చూపించాడు. వంగింది. అడ్డంగా విరిచాడు. పుటుక్కుమన్నది. "చూశావా పాపా! కర్రకు నార ఒక దిక్కునే పోతుంది. మొండేనికి ఒక దిక్కు, తొండానికి ఒక దిక్కు కావాలి. ఒకే ముక్కలో చేస్తే నువ్వు ఆడుకొన్న మొదటిరోజే తొండం ఊడుతుంది. అందుకని దేని నార దానికి కుదిరేట్టు విడిగా చెక్కి అతికిస్తాం."

అతికించడానికి వాడేది మక్కు. చింతగింజల బంకలో సన్నని రంపపు పొట్టు కలిపి నూరితే అది తయారవుతుంది. అతుకు పెట్టడానికీ అదే, పొట్ట ఉబ్బెత్తుగా రావాలన్నా అదే, ముఖంలో ముక్కు తీర్చాలన్నా అదే. ఆరిన తరువాత చెక్క ఎక్కడ ఆగిందో మక్కు ఎక్కడ మొదలయిందో వేలితో తడిమినా తెలియదు. చెక్కలో మిగిలిన పొట్టు మళ్ళీ బొమ్మలోకే పోతుంది. ఆ ఇంట్లో ఊడ్చి పారవేసేది ఏమీ లేదు.

ఆపైన సున్నం పూత. అన్ని బొమ్మలూ తెల్లగా దయ్యాలలాగా నిలబడతవి. అప్పుడు గాని రంగుకు తావు లేదు.

రంగులు వేసే చేతులు

రంగులు వేసేది ఎక్కువగా ఇంటి ఆడవారు. కోడలు కాబోలు, ముప్ఫై ఏళ్ళావిడ ఒక పక్కన కూర్చొని తాడిచెట్టు గీతగాడికి మీసాలు పెడుతున్నది. కుంచె మేకవెంట్రుకలతో ఇంట్లో కట్టుకొన్నదే. కొన సూదిమొనలాగా ఉన్నది. పూర్వం ఆకుల రసాలు, ఖనిజాల పొడులు వాడేవారు. తరువాత బజారు రంగులు వచ్చినవి. నిగనిగలాడతవి, నీళ్ళు పడ్డా చెదరవు. పసిపిల్లలు నోట పెట్టుకొంటారని చెట్ల రంగులు అడిగే కొనుగోలుదార్లు ఇప్పుడు మళ్ళీ పెరిగారట. ఆ రంగుకు పని ఎక్కువ, వెల ఎక్కువ, మెరుపు తక్కువ.

మా జిల్లాలో పొందూరున్నది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, ఆ దూదితో సన్న నూలు వడుకుతారు. బుడితిలో ఇత్తడి కరిగించి చెంబులకు నడుములు తీరుస్తారు. చేప దవడ, మేక వెంట్రుక, చింతగింజ! గొప్ప పనులకు మనవారు ఏరుకొన్న పనిముట్లు ఎంత చిన్నవో చూచారా?

మా ఆవిడ ఆ అమ్మాయి పక్కన చతికిలబడింది. "మెడలు పట్టెయ్యవామ్మా?" అన్నది.

"పట్టేస్తాయి పిన్నిగారూ. కళ్ళు పెట్టేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాలి. చెయ్యి వణికితే రాముడు మెల్లకన్ను అయిపోతాడు."

పలాసలో జీడిపప్పు పొర తీసే ఆడవారిని మేము రోజూ చూస్తాము. పప్పు విరగకుండా వేళ్ళ కొసలతో పొర ఒలవాలి. విరిగిందా, ధర పడిపోతుంది. ఆ వేళ్ళకూ ఈ వేళ్ళకూ చుట్టరికం ఉన్నదని మా ఆవిడ అన్నది. నాకూ నిజమే అనిపించింది. ఆ కష్టం డబ్బాలో పప్పు కొనేవారికీ, అద్దాల బీరువాలో బొమ్మ కొనేవారికీ కనుపించదు.

చెట్టు మాట

"ఇప్పుడు ఈ పని ఎట్లా ఉన్నదండీ?" అని అడిగాను. పెద్దాయన బాడిస కింద పెట్టాడు.

"గిరాకీ ఉంది బాబూ. దసరాకు, సంక్రాంతికి చెయ్యి తీరదు. ఢిల్లీకి, అమెరికాకు కూడా పోతున్నాయి. లేనిది కర్ర."

పూర్వం కొండ దిగువనే పొణికి దొరికేది. ఏనాటినుంచో కొట్టుతూ వచ్చారు. ఇప్పుడు అడవిలో లోలోపలికి పోవాలి. రక్షితారణ్యం గనుక అనుమతులు కావాలి. మొక్కలు నాటినవారు లేకపోలేదు. కాని మొక్క నాటిన మరునాడు కర్ర రాదు గదా! కర్ర వెల పెరిగినంత వేగంగా బొమ్మ వెల పెరగదు. పక్కనే బజారులో పది ప్లాస్టిక్ బొమ్మలు వచ్చే డబ్బుకు ఇక్కడ ఒక ఎడ్లబండి రాదు.

చెట్టు మాట ఉద్దానంవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలు ఏమయినవో చూచినవారము. తాతలు నాటిన కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు ఒక్క పూటలో నేలమీద పడుకొన్నవి. డబ్బు సాయం వచ్చింది, మొక్కలు వచ్చినవి. కాని మొక్క చెట్టయి కాపుకు వచ్చేదాకా మధ్య ఏళ్ళను ఎవరు ఇస్తారు? ఆ మధ్య ఏళ్ళలోనే మా కుర్రవాళ్ళు ఎందరో ఊళ్ళు విడిచి పోయారు. మా చెట్టును గాలి ఒక్క పూటలో కూల్చింది. వీరి చెట్టు కొంచెం కొంచెంగా దూరమవుతున్నది. చెట్టు దూరమైతే మనుష్యులూ దూరమవుతారు. అది మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఈ సంగతి చెబితే ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మావాడు విజయవాడలో ఉద్యోగం చేస్తాడు. ఆదివారం వచ్చి చెక్కుతాడు. చెయ్యి మంచిదే. కాని ఆదివారం ఒక్కరోజు చెక్కితే ఏనుగు వస్తుంది గాని, పని రాదు బాబూ" అన్నాడు.

ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను. కొడుకును అనగలమా? నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం మానుకొని కర్ర కోసం ఎదురు చూడమని ఏ తండ్రి చెబుతాడు? అయినా ఆ తండ్రి చేతిలో ఉన్నది పుస్తకాలలో రాసి దాచగలిగే విద్య కాదు. ఎద్దు వీపు ఎన్ని దెబ్బలకు వస్తుందో ఆయన మోచేతికి తెలుసు. పక్కన కూర్చొని పదేళ్ళు చూచినవాడికే అది వస్తుంది.

2006-07లో ప్రభుత్వంవారు కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. అంటే, మరొకచోట చేసిన బొమ్మను ఈ పేరుతో అమ్మరాదు. లేపాక్షి దుకాణాలు ఈ బొమ్మలను అమ్ముతున్నవి. ఇవన్నీ మంచి పనులే. పేరుకు రక్షణ దొరికింది. ఇక చెట్టుకూ, ఆ చేతికీ కూడా దొరకాలి.

బేరం

కొనే వేళకు మా ఆవిడ కొంగు బిగించింది. బేరంలో ఆవిడకు మా సంతలో పేరున్నది. చల్ల చిలికే ఇల్లాలిని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూచి, "ఎంత?" అన్నది. పెద్దాయన చెప్పాడు. ఆవిడ నోరు తెరిచింది. ఇంతలో రంగులు వేసే అమ్మాయి, "ఆ కవ్వం తాడు చూడండి పిన్నిగారూ, లాగితే కవ్వం తిరుగుతుంది" అన్నది. మా మనుమరాలు లాగింది. కవ్వం తిరిగింది. నోరు తెరిచిన మా ఆవిడ ఏమీ అనకుండానే సంచీ విప్పింది. ముప్ఫై ఐదేళ్ళ మా కాపురంలో ఆవిడ అడిగిన ధర ఇచ్చి వస్తువు కొనడం నేను చూడటం అదే మొదటిసారి.

చల్ల చిలికే ఇల్లాలు, ఎడ్లబండి, గీతగాడితో సహా తాడిచెట్టు తీసుకొన్నాము. మా మనుమరాలికి మాత్రం కళ్ళు లేని ఏనుగే కావలసివచ్చింది. "దానికి కళ్ళు నీ ముందరే పెట్టిస్తాను, ఆగు" అని పెద్దాయన కోడలికి అందించాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, రెండు తెల్ల చుక్కలు, వాటిలో రెండు నల్ల చుక్కలు పెట్టింది. కర్రముక్క కాస్తా మమ్మల్ని చూచింది.

వెళ్ళేవారికి రెండు మాటలు

చలికాలం మంచి అదను. ఉదయమే కోట చూచి, మధ్యాహ్నానికి కాలనీలోకి దిగండి. నీళ్ళు వెంట తీసుకువెళ్ళండి. దసరాకూ సంక్రాంతికీ ముందు రోజులలో బొమ్మలవారికి పని ఒత్తిడి జాస్తి. వారితో తీరికగా మాట్లాడాలంటే పండుగలు దాటాక వెళ్ళండి.

కొనేముందు బొమ్మను చేత్తో ఎత్తి చూడండి. పొణికి అయితే తేలికగా ఉంటుంది. రంగు ఏదో అడగండి, పసిపిల్లలకైతే చెట్ల రంగు వేసినదే తీసుకోండి. ఇంటికి తెచ్చాక తడిగుడ్డతో తుడవవద్దు, పొడిగుడ్డ చాలు. కర్పూరం ఉండ ఒకటి వేసి పెట్టెలో దాచితే పురుగు చేరదు. ఇంకొక మాట. పిల్లలను తప్పక వెంట తీసుకువెళ్ళండి. బొమ్మ దుకాణంలో పుట్టదనీ, చెట్టునుంచి, ఒక తాత మోచేతినుంచి, ఒక అత్త ఊపిరినుంచి పుడుతుందనీ వారికి అక్కడే తెలుస్తుంది. రేపు ఆ చెట్టును నాటవలసినవారు వారే గదా!

కొండమీద రెడ్డిరాజులు, గజపతులు, రాయలు, తానీషాలు, దొరలు రాళ్ళు పేర్చి నిలుపుకొన్నది వారివెంటే పోయింది. కొండ కింద కొందరు చింతగింజల బంకతో అతికించినది ఇంకా ఊడిపోకుండా ఉన్నది. అది అట్లాగే ఉండాలంటే కొండమీద పొణికి చిగుర్చాలి, వీధిలో బాడిస మోగాలి, మన ఇళ్ళలో కొలువు సాగాలి. ఈ మూడింటిలో మూడవది మన చేతిలో పని.